క్లచ్ ఎట్లా బిగిస్తారు?

చర్ల నుంచి భద్రాచలం వచ్చే దారి. ఆ రోజు సంత. జీపులో లోపల పన్నెండు మంది కూర్చున్నారు. వెనక నిచ్చెన పట్టుకొని ముగ్గురు నిలబడ్డారు. పైన చింతపండు గంపలు, ఇప్పపువ్వు మూటలు ఉన్నాయి. బండి వాగు దాటింది. ఎత్తు ఎక్కుతోంది. ఇంజను గట్టిగా అరుస్తోంది. కాని బండి మాత్రం నత్తలాగా కదులుతోంది.

"ఏంది అల్లుడూ, ఏదో కాలిన కంపు కొడతాంది?" అని ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన అడిగాడు.

"ఏం లేదు మామా. ఎండకు అట్లనే వస్తది" అన్నాడు డ్రైవరు.

అది ఎండకు వచ్చిన వాసన కాదు. క్లచ్ ప్లేటు కాలుతున్న వాసన. ఆ సంగతి డ్రైవరుకు కూడా తెలుసు. కాని ఆ జీపు అప్పు మీద కొన్నది. నెల నెలా కిస్తీ కట్టాలి. క్లచ్ మార్చాలంటే బండి రెండు రోజులు షెడ్డులో ఉండాలి. చేతిలో డబ్బు ఉండాలి. అందుకని ఈ సంత గడవనీ, వచ్చే సంత గడవనీ అని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ జీపు సంతకు మాత్రమే తిరగదు. అడవి లోపలి ఊళ్లలో రాత్రిపూట ఒక ఆడమనిషికి పురిటినొప్పులు వస్తే, 108 బండి చేరడానికి ఆలస్యమైతే, జనం ఇట్లాంటి జీపు కోసమే పరుగెత్తుతారు. అప్పుడు ఎత్తు మీద బండి ఆగిపోతే ఏమవుతుంది? అందుకే క్లచ్ అంటే ఏమిటో, దాన్ని ఎట్లా బిగిస్తారో బండి ఉన్నవాళ్లు తెలుసుకోవాలి. బండి ఎక్కేవాళ్లు తెలుసుకున్నా మంచిదే.

క్లచ్ ఎందుకు కావాలి?

ఎద్దుల బండికి క్లచ్ లేదు. ఎందుకని? ఎద్దులు ఆగగలవు. మెల్లగా అడుగు వేయగలవు. ఆ తరువాత వేగంగా నడవగలవు. ఇంజను అట్లా కాదు. డీజిల్ ఇంజను ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 700, 800 సార్లు తిరుగుతుంది. అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. మరి తిరుగుతున్న ఇంజనును ఆగి ఉన్న చక్రాలకు ఒక్కసారిగా కలిపితే? బండి గుభాలున ముందుకు దూకుతుంది. లేదా ఇంజను చచ్చిపోతుంది.

మీ రెండు అరచేతులు ఒకదానికొకటి ఆనించండి. కుడి చేతిని తిప్పండి. మెల్లగా ఆనిస్తే కుడి చేయి జారుతుంది, ఎడమ చేయి కదలదు. కొంచెం గట్టిగా నొక్కితే ఎడమ చేయి కూడా కొంచెం కదులుతుంది. బాగా గట్టిగా నొక్కితే రెండు చేతులూ కలిసి తిరుగుతాయి. క్లచ్ చేసే పని ఇదే.

ఇంజను చివర ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీల్ అంటారు. దాని ముఖం అద్దంలాగా నున్నగా ఉంటుంది. దానికి ఆని పళ్లెంలాంటి క్లచ్ ప్లేటు ఉంటుంది. ఈ ప్లేటుకు రెండు పక్కలా గరుకు పట్టీ అతికించి రివెట్లు కొట్టి ఉంటారు. ప్లేటు నడుమ పళ్లున్న కన్నం ఉంటుంది. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు ఆ కన్నంలో దూరుతుంది. ప్లేటు వెనక ప్రెషర్ ప్లేటు ఉంటుంది. దానిలోని గట్టి స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పెడుతుంది. అప్పుడు మూడూ కలిసి తిరుగుతాయి. బండి నడుస్తుంది.

డ్రైవరు పెడలు తొక్కితే ఏమవుతుంది? రిలీజ్ బేరింగు ముందుకు జరిగి ఆ స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. అదుము వదులవుతుంది. క్లచ్ ప్లేటు విడిపోతుంది. ఇంజను ఇంజనుగా తిరుగుతుంది, చక్రాలకు సంబంధం ఉండదు. అప్పుడు గేరు మార్చవచ్చు. అంటే పెడలు తొక్కితే క్లచ్ విడుస్తుంది, వదిలితే పట్టుకుంటుంది. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

మోటారు సైకిలులో కూడా క్లచ్ ఉంటుంది. దానిలో చాలా వరకు చిన్న ప్లేట్లు నాలుగైదు ఉంటాయి, అవి ఆయిలులో తడిసి పని చేస్తాయి. జీపు క్లచ్ ప్లేటు పొడిగా ఉండాలి. దానికి ఆయిలు చుక్క తగిలినా చెడుపే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందుకు దీనితోనే పని ఉంది.

ప్లేటు ఎందుకు అరుగుతుంది?

ప్లేటు జారినప్పుడల్లా కొంచెం అరుగుతుంది. బండి కదిలించేటప్పుడు ఆ జారుడు తప్పదు. తప్పించుకోగల అరుగుదల వేరే ఉంది. కొందరు గేరు మార్చిన తరువాత కూడా ఎడమ కాలు పెడలు మీదనే ఆనించి ఉంచుతారు. కాలు బరువుకు అదుము కొంచెం తగ్గుతుంది. ప్లేటు దారి పొడుగునా జారుతూ వస్తుంది. ఇంకొందరు ఎత్తు మీద బండి ఆపినప్పుడు బ్రేకు వేయరు. సగం క్లచ్ మీద బండిని నిలబెడతారు. చింతూరు నుంచి మారేడుమిల్లి పోయే ఘాటు రోడ్డులో ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా అట్లా నిలబెడితే ప్లేటు ఎన్నాళ్లు ఉంటుంది? గోదావరి ఇసుకలో దిగబడిన ట్రాక్టరుది కూడా ఇదే కథ. బయటికి లాగాలని సగం క్లచ్ మీద ఇంజను రేపితే చక్రం ఇసుకలో దిగుతుంది, ప్లేటు కాలుతుంది.

ఎక్కువ బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. తొమ్మిది మంది ఎక్కాల్సిన బండిలో పదిహేను మందిని ఎక్కించుకుంటే ఆ బరువంతా మొదట మోసేది క్లచ్ ప్లేటే.

ప్లేటు పోయిందని ఎట్లా తెలుస్తుంది? ఇంజను అరుస్తుంది, బండి గుంజదు. కాలిన వాసన వస్తుంది. పరీక్ష ఒకటి ఉంది. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసి బండి ఆపండి. చేతి బ్రేకు గట్టిగా వేయండి. పై గేరు వేసి, కొంచెం యాక్సిలేటరు ఇచ్చి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ బాగుంది. ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. మాటిమాటికీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

గేరు పడకపోవడం, పడేటప్పుడు గరగరమనడం వేరే జబ్బు. అప్పుడు క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. కేబులు సాగి ఉండవచ్చు. కొన్ని బండ్లకు కేబులు బదులు నూనె గొట్టం ఉంటుంది, దానిలో నూనె తగ్గి ఉండవచ్చు. ఇది చిన్న ఖర్చుతో పోయే పని. దీనికి కూడా గేర్‌బాక్సు దింపాలని ఎవరైనా అంటే ముందు కేబులు చూడమని అడగండి.

గేర్‌బాక్సు దింపినప్పుడు

సంత రోజు జీపు నడిపిన డ్రైవరు చివరికి భద్రాచలంలో ఒక షెడ్డుకు బండి తెచ్చాడు. మెకానిక్కు మొదట బ్యాటరీ తీగ విప్పాడు. చక్రాలకు ముందు వెనకా దిమ్మలు పెట్టాడు. జాకీతో బండి లేపి, కింద ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించాడు. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి దూరకూడదు. జాకీ జారితే మనిషి బతకడు. స్టాండ్లు లేనప్పుడు గట్టి వెడల్పాటి కొయ్య దిమ్మలు పెట్టాలి. ఇటుకలు, రాళ్లు పెట్టకూడదు. అవి చెప్పకుండా పగులుతాయి. షెడ్లలో చిన్న పిల్లలను కిందికి పంపిస్తుంటారు, సన్నగా ఉంటారని. అది చాలా తప్పు.

గేర్‌బాక్సు బరువైనది. దాని కింద ఇంకో జాకీ పెట్టి, బోల్టులు విప్పి, వెనక్కి నిటారుగా లాగాడు. లోపల నల్లటి దుమ్ము పేరుకొని ఉంది. షెడ్డు కుర్రాడు గాలి గొట్టం అందుకోబోయాడు.

"వద్దురా! తడి గుడ్డ తే" అన్నాడు మెకానిక్కు.

ఎందుకట్లా అన్నాడు? పాత రకం క్లచ్ పట్టీలలో రాతినార కలిపేవారు. దీన్ని ఆస్‌బెస్టాస్ అంటారు. ఆ నార దుమ్ము కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. ఊపిరితో పాటు లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఇరవై ముప్పై ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సరు రావచ్చు. ఏ ప్లేటులో ఏముందో చూసి చెప్పలేము. కాబట్టి ఏ ప్లేటు దుమ్మునైనా నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. తడిపి తుడవాలి.

ప్లేటు బయటికి వచ్చింది. పట్టీ అరిగి రివెట్ల తలలు తేలాయి. పైగా ఒక పక్క జిడ్డుగా, నల్లగా మెరుస్తోంది.

"నాలుగు నెలలే అయింది గదన్నా ప్లేటు ఏసి!" అన్నాడు డ్రైవరు.

"ప్లేటుది తప్పు కాదు తమ్ముడూ. ఇటు చూడు, ఇంజను సీలు కారుతాంది. అప్పుడు సీలు మార్చిండ్రా?"

"ప్లేటొక్కటే మార్చిండ్రు. సీలు సంగతి ఎవరూ చెప్పలే."

ఇంజను వెనక భాగంలో, ఫ్లైవీల్ వెనకాల, ఒక రబ్బరు సీలు ఉంటుంది. ఇంజను ఆయిలు బయటికి రాకుండా ఆపుతుంది. ప్లేటుతో పోలిస్తే దాని ధర తక్కువ. కాని దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు, ఫ్లైవీల్ దింపాల్సిందే. ఖర్చంతా ఆ దింపే కూలిలోనే ఉంది. మొదటిసారి దింపినప్పుడే సీలు చూసి ఉంటే, ఆ డ్రైవరు రెండోసారి ప్లేటు కొనేవాడు కాదు. రెండు రోజుల బాడుగ పోయేది కాదు. అందుకే గేర్‌బాక్సు దింపినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చడం మేలు. సీలు, షాఫ్టు ముక్కు ఆనే చిన్న పైలట్ బేరింగు కూడా చూడాలి. ఇది మెకానిక్కు లాభానికి చెప్పే మాట అని కొందరు అనుమానిస్తారు. ఒక్కోసారి నిజమే కావచ్చు. కాబట్టి పాత సామాను చూపించమని అడగండి. బేరింగును చేత్తో తిప్పండి. గరగరమంటే మార్చాల్సిందే.

తరువాత ఫ్లైవీల్ ముఖం చూడాలి. నీలం మచ్చలు ఉంటే బాగా వేడెక్కిందని గుర్తు. గీతలు పడితే లేత్ మీద చదును చేయించాలి. పగుళ్లు ఉంటే మార్చాలి. పగిలిన ఫ్లైవీల్ తిరిగేటప్పుడు ముక్కలై బయటికి చిమ్మితే ప్రాణాలకే ముప్పు.

బిగించడం

బిగించే ముందు చేతులు కడుక్కోవాలి. నవ్వకండి. గ్రీజు చేత్తో కొత్త ప్లేటు పట్టుకుంటే ఆ జిడ్డు పట్టీకి అంటుతుంది. ప్లేటును అంచు పట్టుకొనే ఎత్తాలి. ఫ్లైవీల్ ముఖాన్ని, ప్రెషర్ ప్లేటు ముఖాన్ని జిడ్డు లేకుండా తుడవాలి. కిరోసిన్ వాడితే నూనె పొర మిగులుతుంది. పెట్రోలు వాడేవాళ్లు దగ్గర బీడీ కాల్చకూడదు.

ప్లేటుకు రెండు ముఖాలు ఉన్నాయి. రెండూ ఒకటి కావు. ఒక పక్క నడిమి భాగం, స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉంటాయి. చాలా బండ్లలో ఆ ఉబ్బు గేర్‌బాక్సు వైపు రావాలి. ఏ ముఖం ఫ్లైవీల్ వైపు ఉండాలో చాలా ప్లేట్ల మీద అచ్చుకొట్టి ఉంటుంది. అక్షరాలు చదవడం వచ్చిన మనిషికి ఇక్కడ పని ఎంత తేలికో చూడండి. తిరగేసి పెడితే స్ప్రింగులు ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుంటాయి, క్లచ్ విడవదు. అంతా మళ్లీ విప్పాలి.

అన్నిటికంటే మెళకువ గల పని ప్లేటును సరిగ్గా నడుమకు తేవడం. గొడ్డలి కన్నంలో కామ దూరాలంటే కన్నం తిన్నగా ఉండాలి కదా. ఇక్కడ కూడా అంతే. ప్రెషర్ ప్లేటు బిగిస్తే లోపలి ప్లేటు కదలకుండా ఇరుక్కుపోతుంది. అది పక్కకు ఒరిగి ఇరుక్కుంటే గేర్‌బాక్సు షాఫ్టు లోపలికి దూరదు. అందుకని పాత షాఫ్టు ముక్క గాని, డమ్మీ షాఫ్టు గాని ముందే ప్లేటు కన్నంలో నుంచి పైలట్ బేరింగులోకి దూర్చి పెడతారు. ప్లేటు దాని మీద నడుమకు నిలుస్తుంది. అప్పుడు ప్రెషర్ ప్లేటు బోల్టులు బిగిస్తారు. ఒక బోల్టును ఒకేసారి గట్టిగా బిగించకూడదు. ఒకటి కొంచెం, దాని ఎదురుది కొంచెం, ఇట్లా మార్చి మార్చి కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక పక్కనే బిగిస్తే ప్రెషర్ ప్లేటు వంకర పోతుంది. బండి కదిలేటప్పుడు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. చివరికి ఎంత బిగువు ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని కొలిచే టార్క్ పానాతో బిగించాలి.

షాఫ్టు పళ్లకు గ్రీజు రాయాలి. ఎంత? వేలికి అంటిన పూత చాలు. ఎక్కువ రాస్తే తిరిగేటప్పుడు ఎగిరి ప్లేటు మీద పడుతుంది.

ఇక గేర్‌బాక్సు ఎక్కించాలి. జాకీ మీద ఎత్తు సరిచేసి, షాఫ్టును ప్లేటు పళ్లలోకి మెల్లగా తోయాలి. పళ్లు కలవకపోతే వెనక షాఫ్టును కొంచెం తిప్పి చూడాలి. చివరి రెండు వేళ్ల సందు మూసుకోకపోతే చాలామంది బోల్టులు వేసి బలవంతాన లాగుతారు. అట్లా చేస్తే గేర్‌బాక్సు చెవి విరుగుతుంది, లేదా ప్లేటు వంగుతుంది. సందు మూసుకోలేదంటే ప్లేటు నడుమకు లేదన్నమాట. బయటికి తీసి మళ్లీ సరిచేయాలి. గేర్‌బాక్సు బరువును షాఫ్టు మీద వేలాడదీసి టీ తాగడానికి పోకూడదు. ఆ బరువుకు కూడా ప్లేటు వంగుతుంది.

క్లచ్ లేని కారుకు క్లచ్ పెట్టవచ్చా?

కొన్ని కార్లలో క్లచ్ పెడలే ఉండదు. వీటిని ఆటోమేటిక్ కార్లు అంటారు. పాత పద్ధతి ఆటోమేటిక్కులో ప్లేటు బదులు నూనె నిండిన గుండ్రటి డబ్బా ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా. ఆ డబ్బాలో గాలి బదులు నూనె అదే పని చేస్తుంది. ఇంకో రకం కూడా ఉంది. మారుతి సుజుకి వాళ్లు 2014లో తెచ్చిన సెలేరియో కారులో ఈ రకం వచ్చింది. దానిలో పెడలు లేదు గాని లోపల మామూలు క్లచ్ ప్లేటే ఉంది. కాలు చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది. పెడలు లేదు కాబట్టి ప్లేటు అరగదని దాన్ని కొన్నవాళ్లు అనుకోకూడదు.

నూనె డబ్బా గేర్‌బాక్సు చెడిపోతే బాగుచేయించడానికి చాలా ఖర్చవుతుంది. అప్పుడు కొందరు దాన్ని తీసేసి మామూలు గేర్‌బాక్సు, క్లచ్ పెట్టించుకుంటారు. ప్లేటు బిగించే పద్ధతి పైన చెప్పినదే. కాని ప్లేటుకు ముందు చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. ఆటోమేటిక్ ఇంజను చివర బరువైన ఫ్లైవీల్ ఉండదు. పలుచటి రేకు చక్రం ఉంటుంది. దాన్ని తీసి ఫ్లైవీల్ పెట్టాలి. రేకు చక్రం బోల్టులు, ఫ్లైవీల్ బోల్టులు ఒకే పొడుగు ఉండవు. పాతవే వాడితే పట్టు చాలదు. ఇంజను షాఫ్టు చివర పైలట్ బేరింగు ఉండకపోవచ్చు. అది మరిచిపోయి గేర్‌బాక్సు ఎక్కిస్తే షాఫ్టు ముక్కుకు ఆధారం ఉండదు. ఊగి ఊగి కొద్ది రోజుల్లోనే గేర్‌బాక్సు పాడవుతుంది. పెడలు, దాని గొట్టం లేక కేబులు, గేరు కర్ర, గేర్‌బాక్సు కింది పట్టీ, చక్రాలకు పోయే షాఫ్టులు, ఇవన్నీ అదే మోడలు మామూలు కారు నుంచి తేవాలి. విడివిడిగా అక్కడొకటి ఇక్కడొకటి కొంటే కుదరదు.

తీగల సంగతి మరీ ముఖ్యం. ఆటోమేటిక్ కారులో గేరు కర్ర ఆపే చోట గాని, న్యూట్రల్‌లో గాని ఉంటేనే స్టార్టరు తిరుగుతుంది. గేర్‌బాక్సు మార్చాక ఆ తీగ తెగిపోతుంది, బండి స్టార్టు కాదు. కొందరు రెండు తీగలు కలిపి ముడి వేసేస్తారు. అప్పుడు బండి గేరులో ఉన్నా తాళం తిప్పగానే ముందుకు దూకుతుంది. ముందు పిల్లలు ఆడుకుంటుంటే? ఆ తీగను క్లచ్ పెడలు స్విచ్చుకు కలపాలి. పెడలు తొక్కితేనే స్టార్టరు తిరగాలి. కొత్త కార్లలో కంప్యూటరు కూడా ఉంటుంది. పాత గేర్‌బాక్సు కనిపించకపోతే అది ఇంజనును సరిగా నడవనివ్వదు. ఇట్లాంటి మార్పుకు ముందే రవాణా శాఖ ఆఫీసులో, బీమా కంపెనీలో అడగాలి. బాడుగకు తిప్పుకొనే మనిషికి ఈ మార్పు గిట్టుబాటు కాదు. ఆ డబ్బుతో మొదటి నుంచి క్లచ్ ఉన్న పాత బండి చూసుకోవడమే నయం.

బండి కిందికి దించాక

పెడలు చేత్తో నొక్కి చూడాలి. కేబులు ఉన్న బండ్లలో మొదట కొంచెం దూరం వదులుగా, బరువు లేకుండా దిగాలి. ఎంత దిగాలో ఒక్కో బండికి ఒక్కో లెక్క, బండి పుస్తకంలో ఉంటుంది. అసలు వదులు లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఆని ఉంటుంది, కొత్త ప్లేటు కూడా జారుతుంది. వదులు ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. నట్టు తిప్పి సరిచేయాలి.

మెకానిక్కు అట్లాగే సరిచేశాడు. చేతి బ్రేకు వేసి, పై గేరులో క్లచ్ వదిలాడు. ఇంజను టక్కున ఆగిపోయింది. డ్రైవరు మొహం వెలిగింది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, సీలు, కూలి, అన్నీ విడివిడిగా చీటీ మీద రాయించుకున్నాడు. పాత ప్లేటును గోనెసంచిలో వేసుకున్నాడు.

"కొత్త పట్టీ ఫ్లైవీల్‌కు ఒదగాలె తమ్ముడూ. ఐదొందల కిలోమీటర్లు దాకా బరువు తక్కువ ఎక్కించు. గేరు పడ్డంక కాలు తీసి కింద పెట్టు. తర్వాత ఒకసారి వచ్చి పెడలు వదులు చూపించుకో" అన్నాడు మెకానిక్కు.

"వచ్చే సంత ఎట్లన్నా?"

"సంతకు పో. నిచ్చెన మీద మాత్రం ఎక్కించకు."

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. తరువాత బండి ఎక్కి, చర్ల రోడ్డు వైపు తిప్పాడు.